పసిపిల్లల వార్డుకు మన కానుక: యంత్రమా, శిక్షణా?



ఈసారి కోత పండుగ కానుకలలో ఒక భాగం పసిపిల్లల వార్డుకు ఇవ్వాలని సంఘ పెద్దలు తలపెట్టడం మాకు ఎంతో సంతోషం కలిగించింది. ఏ వస్తువు కొనమంటారని చాలామంది అడుగుతున్నారు. ఒక కుటుంబం వారు వెంటిలేటర్ అంటున్నారు. స్త్రీల సమాజం వారు ఇంకో వార్మర్ అంటున్నారు. విదేశాలలో ఉంటున్న మన పిల్లలు కొందరు ఇంక్యుబేటర్‌కు డబ్బు పంపుతామంటున్నారు. అందరి మనసూ మంచిదే. అయినా మా అభిప్రాయం దాపరికం లేకుండా చెప్పదలచుకున్నాం. ఈ ఏటి కానుకతో యంత్రం కొనవద్దు. ఆ డబ్బుతో మన ఇద్దరు పిల్లల డాక్టర్లలో ఒకరిని, ఇద్దరు నర్సులను నవజాత శిశువుల ప్రత్యేక వైద్యంలో శిక్షణకు పంపుదాం.

“డాక్టరు గారు అన్నీ చదువుకున్నవారే కదా, మళ్ళీ ఈ చదువేమిటి?” అని మీలో కొందరికి అనిపించవచ్చు. “ఏడాదిపాటు ఆయన వెళ్ళిపోతే మా బిడ్డలను ఎవరు చూస్తారు?” అని ఇంకొందరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నలే ఇవి. మాకు తెలిసినంతవరకు జవాబు చెబుతాం.

మొదటి నెలే గండం

మన దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల మరణాలు బాగా తగ్గాయి. టీకాలు, మంచినీరు, విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. ద్రావణం, ఆసుపత్రి కాన్పులు ఇందుకు తోడ్పడ్డాయి. అయితే మిగిలిన మరణాలలో ఎక్కువ భాగం పుట్టిన మొదటి ఇరవై ఎనిమిది రోజులలోనే జరుగుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. సజీవంగా పుట్టిన ప్రతి 1000 మందిలో అయిదేళ్ళు నిండకుండా పోయే పిల్లలు దాదాపు 42 మంది. వారిలో దాదాపు 25 మంది మొదటి నెల కూడా దాటలేదు. 2005-06 సర్వేలో మొదటి నెలలో పోయినవారు 39 మంది. పదిహేనేళ్ళలో ఇంత తగ్గినందుకు దేవునికి స్తోత్రం. కాని ఆ ఇరవై అయిదుగురూ ఏదో ఒక ఇంటి బిడ్డలే.

వారిని తీసుకుపోయే కారణాలు ముఖ్యంగా మూడు. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టడం ఒకటి. పుట్టగానే ఊపిరి అందకపోవడం రెండవది. రక్తానికి చీము పట్టడం, న్యుమోనియా వంటి ఇన్ఫెక్షన్లు మూడవది. ఈ మూడింటిలో పెద్ద యంత్రం అవసరమయ్యే బిడ్డలు కొందరే. సమయానికి సరిగ్గా చేయగలిగిన మనిషి అవసరమయ్యే బిడ్డలు మాత్రం చాలామంది.

ఒక ఉదాహరణ చెబుతాం. పుట్టిన నూరుమంది పిల్లలలో సుమారు తొంభైమంది తమంతట తామే ఏడ్చి ఊపిరి తీసుకుంటారు. మిగిలిన పదిమందికి ఎంతో కొంత సాయం కావాలి. శుభ్రంగా తుడవడం, వెచ్చగా ఉంచడం, వీపు రుద్దడం, అంతకూ కదలకపోతే బ్యాగు, మాస్కుతో గాలి అందించడం చేయాలి. ఇంతటితోనే చాలామంది తేరుకుంటారు. గుండెను నొక్కడం, మందులు ఎక్కించడం వంటి పెద్ద చికిత్స కావలసింది నూటికి ఒక్కరికి, అంతకంటే తక్కువమందికే. కాని ఆ సాయం మొదటి నిమిషంలో మొదలు కావాలి. వైద్యులు దానిని బంగారు నిమిషం అంటారు. ఆ నిమిషంలో కాన్పు గదిలో ఉన్న చేతులకు పని తెలిసి ఉండాలి. పై అంతస్తులో ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా ఆ నిమిషానికి అది అక్కరకు రాదు.

యంత్రం ఉండి తెలివి లేని రోజులు

కొత్త వస్తువు వస్తే వార్డు బాగుపడినట్టే అనుకోవడం సహజం. వైద్య చరిత్ర మాత్రం జాగ్రత్త అని చెబుతుంది.

1940లలో, 1950ల మొదట్లో అమెరికా, ఆస్ట్రేలియా, యూరప్ దేశాల పెద్ద ఆసుపత్రులలో నెలలు నిండని పిల్లలను మంచి ఇంక్యుబేటర్లలో ఉంచి ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చేవారు. పిల్లలు బ్రతికారు. అయితే వేలాదిమంది చూపు కోల్పోయారు. పేద దేశాల ఆసుపత్రులలో అలా జరగలేదు, ఎందుకంటే వారి దగ్గర అంత ఆక్సిజన్ లేదు. అవసరానికి మించిన ఆక్సిజన్ వల్ల కంటి వెనుక పొరలోని రక్తనాళాలు దెబ్బతింటున్నాయని తేలడానికి పదేళ్ళకు పైగా పట్టింది. 1950లో నెలలు నిండక ముందే పుట్టిన ప్రసిద్ధ గాయకుడు స్టీవీ వండర్ కూడా అలా చూపు పోయినవారే.

ఈనాడు నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ ఇచ్చేటప్పుడు కాలికో చేతికో చిన్న పరికరం కట్టి, రక్తంలో ఆక్సిజన్ 90 నుంచి 95 శాతం మధ్య ఉండేలా చూస్తారు. నూరు శాతం చూపిస్తే మంచిదని సంబరపడకూడదు, ఆక్సిజన్ తగ్గించాలి. ఆ తగ్గించడం తెలిసిన నర్సు రాత్రి రెండు గంటలకు మంచం పక్కన ఉంటేనే బిడ్డ కళ్ళు నిలుస్తాయి. 2000 గ్రాముల కన్నా తక్కువ బరువుతో గాని, 34 వారాలు నిండకుండా గాని పుట్టిన ప్రతి బిడ్డకూ నెల రోజులలోపు కంటి పరీక్ష చేయించాలి. మరీ చిన్న పిల్లలకు ఇంకా ముందే చేయించాలి. ఈ సంగతి తల్లికి చెప్పి, తేదీ రాసి పంపడం కూడా శిక్షణలో భాగమే. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల ఈ జబ్బుకు మంచి వైద్యం ఉంది. కాని సమయానికి పంపేవారు లేకపోతే ఆ వైద్యం బిడ్డకు అందదు.

ఇంకో సంగతి. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఐదున్నర వారాలు ముందుగా ఒక కుమారుడు పుట్టాడు. పేరు పాట్రిక్. బరువు రెండు కిలోల పైచిలుకు. ఊపిరితిత్తులు ముదరని కారణంగా ఆయాసం మొదలైంది. ఆ రోజులలో డబ్బుతో, అధికారంతో తేగలిగిన ప్రతి పరికరమూ ఆ బిడ్డ కోసం తెచ్చారు. రెండు రోజులు నిండకుండానే చనిపోయాడు. ఆ జబ్బును ఎలా నయం చేయాలో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ తరువాత ఒక్కొక్కటిగా తెలిసింది. ఒత్తిడితో గాలి ఇస్తే ఊపిరితిత్తులు ముడుచుకుపోవని 1971లో గ్రెగరీ అనే మత్తు డాక్టరు చూపించాడు. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉంటే తల్లికి ముందే ఇంజెక్షన్ ఇచ్చి బిడ్డ ఊపిరితిత్తులను సిద్ధం చేయవచ్చని 1972లో న్యూజిలాండ్ వైద్యులు నిరూపించారు. ఊపిరితిత్తులలో కొరవడిన సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని బయటి నుంచి ఇవ్వవచ్చని 1980లో జపాను వైద్యుడు ఫుజివారా చూపించాడు. ఇప్పుడు అటువంటి బిడ్డ మన జిల్లా ఆసుపత్రిలో పుట్టినా, పని తెలిసినవారు ఉంటే ఎక్కువసార్లు నవ్వుతూ ఇంటికి వెళ్తాడు. అధ్యక్షుని బిడ్డకు అందని భాగ్యం కూలివారి బిడ్డకు అందుతోంది. దానిని అందించింది తెలివి. ఆ తెలివి ఒక చేతి నుంచి ఇంకో చేతికి శిక్షణ ద్వారానే చేరుతుంది.

ఈ చదువు మెట్లు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పసిపిల్లల డాక్టరు కావడానికి ఎంత చదవాలి?

ఎం.బి.బి.ఎస్. నాలుగున్నరేళ్ళు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. తరువాత పిల్లల వైద్యంలో ఎం.డి. లేదా డి.ఎన్.బి. మూడేళ్ళు. ఇంతవరకు చదివినవారిని మనం పిల్లల డాక్టరు అంటాం. పదిహేనేళ్ళు దాటిన పిల్లవాడి టైఫాయిడ్ నుంచి గంట క్రితం పుట్టిన బిడ్డ వరకు అందరినీ చూసే చదువు అది. నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ మీదనే పని చేయదలచినవారు జాతీయ స్థాయి నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్ష రాసి డి.ఎం. నియోనేటాలజీలో చేరాలి. లేదా జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డి.ఆర్.ఎన్.బి.లో చేరాలి. ఇదివరకు దీనినీ డి.ఎన్.బి. అనే పిలిచేవారు. అది ఇంకో మూడేళ్ళు. మొత్తం పదకొండున్నరేళ్ళు. ఇంటర్ పూర్తయిన మన సంఘపు పిల్లవాడు ఒక్క పరీక్షా తప్పకుండా చదివినా, ముప్పై ఏళ్ళ వయసుకు ఈ చదువు ముగుస్తుంది.

ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ ఈ శాఖకు మన దేశంలో బాట వేశాయి. ఎయిమ్స్‌లో పని చేసిన డాక్టర్ మెహర్‌బాన్ సింగ్ వంటి పెద్దలు ఒక తరం డాక్టర్లకు పాఠం చెప్పారు. 1980లో నేషనల్ నియోనేటాలజీ ఫోరం ఏర్పడింది. క్రైస్తవ సంస్థలలో వెల్లూరు సి.ఎం.సి., బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఈ డి.ఎం. చదువు చెబుతున్నాయి. వెల్లూరులో ఐడా స్కడర్ దొరసాని 1900లో మొదలుపెట్టిన పని ఇంతదూరం వచ్చిందని తలచుకుంటే మిషన్ ఆసుపత్రుల వాళ్ళుగా మాకు సంతోషమే.

మరి మన ఆసుపత్రి వంటి చోట పనిచేసే డాక్టరు ఉద్యోగం మాని మూడేళ్ళు చదవాలా? అందరికీ అక్కరలేదని మా అభిప్రాయం. ఎం.డి. చేసినవారికి నేషనల్ నియోనేటాలజీ ఫోరం గుర్తించిన ఆసుపత్రులలో ఏడాది ఫెలోషిప్ ఉంది. ఆ ఏడాదిలో డాక్టరు పగలూ రాత్రీ పెద్ద వార్డులో పని చేస్తారు. కిలో బరువు బిడ్డకు నరం దొరకబుచ్చుకోవడం, గాలి గొట్టం వేయడం, సీపాప్ పెట్టడం, ఎప్పుడు తీసేయాలో గుర్తుపట్టడం, పాలు ఎన్ని మిల్లీలీటర్లతో మొదలుపెట్టి ఎలా పెంచాలో లెక్కకట్టడం చేతిమీదుగా నేర్చుకుంటారు. మన వార్డుకు ఇప్పుడు సరిపడేది ఈ మెట్టే.

దానికి కిందా మెట్లున్నాయి. వాటిని చిన్నచూపు చూడకండి. భారత ప్రభుత్వం 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం అనే రెండు రోజుల శిక్షణ మొదలుపెట్టింది. కాన్పు గదిలో పనిచేసే ప్రతి డాక్టరూ, నర్సూ, ఏ.ఎన్.ఎం. ఊపిరి అందని బిడ్డకు ఏం చేయాలో బొమ్మ మీద సాధన చేసి నేర్చుకుంటారు. జిల్లా ఆసుపత్రులలోని ప్రత్యేక నవజాత శిశు విభాగాలలో పనిచేసేవారికి నాలుగు రోజుల తరగతులు, ఆపైన పద్నాలుగు రోజులు పెద్ద కేంద్రంలో ఉండి చూసి నేర్చుకోవడం అనే పద్ధతి ఉంది. ఈ జిల్లా విభాగాలకు దారి చూపింది పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా. వెనుకబడిన ఆ జిల్లాలో 2003లో మొదలైన పసిపిల్లల విభాగాన్ని చూసి, దేశమంతటా వందల విభాగాలు తెరిచారు. అక్కడ డాక్టర్లతో పాటు శిక్షణ పొందిన స్థానిక అమ్మాయిలు కూడా బిడ్డలను చూసుకున్నారు.

నర్సమ్మ లేని శిక్షణ సగమే

ఇక్కడ మా సొంత ఆసుపత్రి కమిటీ వారికి కూడా ఒక మాట చెప్పాలి. డాక్టరు రోజుకు రెండు మూడుసార్లు రౌండ్‌కు వస్తారు. ఇరవై నాలుగు గంటలూ బిడ్డ పక్కన ఉండేది నర్సు. బిడ్డ రంగు మారిందని, పాలు తాగడం మానిందని, ఊపిరి మధ్యలో ఆగుతోందని ముందుగా కనిపెట్టేది ఆమే. చేతులు కడుక్కోనివారిని వార్డులోకి రానివ్వనిదీ ఆమే. ముగ్గురు నలుగురు బిడ్డలకు ఒక నర్సు ఉండాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రాత్రి షిఫ్టులో కూడా ఆ లెక్క నిలవాలి.

అటువంటి నర్సును శిక్షణకు పంపి, తిరిగి వచ్చిన ఆరు నెలలకు ఆపరేషన్ థియేటర్‌కో, మగవారి వార్డుకో మార్చే అలవాటు చాలా ఆసుపత్రులలో ఉంది. అందరికీ అన్ని పనులూ రావాలన్న ఉద్దేశం మంచిదే. కాని పసిపిల్లల వార్డులో అది శిక్షణను నీళ్ళపాలు చేయడమే. శిక్షణ పొందిన నర్సును కనీసం మూడేళ్ళు ఆ వార్డులోనే ఉంచాలని మేము కోరుతున్నాం. ఆమె ఇంకో ఇద్దరికి నేర్పిన తరువాతే మార్చాలి. నెలకొకసారి బొమ్మ పెట్టి, బ్యాగు, మాస్కుతో అందరిచేతా సాధన చేయించాలి. నేర్చుకున్న పని చేయకుండా ఉంటే చేయి మరిచిపోతుంది. హార్మోనియం వాయించేవారికి, క్వయర్‌లో పాడేవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

చదువు తక్కువైనా శిక్షణ ప్రాణం నిలబెడుతుందనడానికి మన పొరుగు రాష్ట్రం మహారాష్ట్రలోనే సాక్ష్యం ఉంది. గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు పల్లెటూరి స్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి పసిబిడ్డలను చూపించారు. ఆ ఊళ్ళలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఈనాడు మన ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్ళకు వచ్చి బిడ్డ బరువు, ఒంటి వేడి చూసి వెళ్ళడానికి ఆ పనే పునాది. ఆశా అమ్మ మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆదరించి బిడ్డను చూపించండి.

మీ ప్రశ్నలకు మా జవాబు

“శిక్షణ ఇప్పించాక డాక్టరు హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్ళిపోతే?” ఈ భయం నిజమైనదే. కార్పొరేట్ ఆసుపత్రులు పసిపిల్లల డాక్టర్లకు పెద్ద జీతాలు ఇస్తాయి. మనం అంత ఇవ్వలేం. చదివించిన సంస్థకు కొంతకాలం సేవ చేయాలనే ఒప్పందం మిషన్ ఆసుపత్రులలో పాత సంప్రదాయమే. ఇక్కడా రెండు మూడేళ్ళ ఒప్పందం రాయించుకోవడం న్యాయం. కాని ఒప్పందం కాగితం మనిషిని కొంతకాలమే నిలుపుతుంది. ఆ తరువాత కూడా ఉండాలంటే ఉండడానికి మంచి ఇల్లు, పిల్లలకు బడి, వారానికి ఒక రాత్రయినా నిద్ర, తోడుగా ఇంకో డాక్టరు కావాలి. నెలకు ముప్పై రాత్రులూ ఒక్కరే ఫోను ఎత్తవలసి వస్తే ఎంత భక్తిపరుడైనా అలసిపోతాడు. ఆయనలో ప్రేమ చల్లారిందని నింద వేసే ముందు మనం ఈ విషయం ఆలోచించాలి. అన్నీ చేసినా ఎవరో ఒకరు వెళ్ళిపోవచ్చు. ఆయన మన నర్సులకు నేర్పి వెళ్తే ఆ విద్య మన దగ్గరే ఉంటుంది. ఆయన వెళ్ళిన చోట బ్రతికే బిడ్డలు కూడా దేవుని బిడ్డలే.

“ఆ ఏడాది మా బిడ్డల సంగతేమిటి?” మిగిలిన డాక్టరు గారు మామూలుగా అందరినీ చూస్తారు. అయితే ఒక్కరితో రాత్రింబవళ్ళు సాగదు. ఆ ఏడాది రాత్రి డ్యూటీకి ఒక జూనియర్ డాక్టరును పెట్టడానికి అయ్యే జీతం కూడా ఈ కానుకలో నుంచే ఇవ్వాలి. శిక్షణ ఖర్చు అంటే ఫీజు మాత్రమే అనుకోకూడదని అందుకే చెబుతున్నాం. ఇక్కడ చూడలేనంత ప్రమాదంలో ఉన్న బిడ్డను పెద్ద ఆసుపత్రికి పంపవలసి వస్తే, ఆలస్యం చేయకుండా పంపడం కూడా మంచి వైద్యమే. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్స్ ఉంది. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద 2011 నుంచి జబ్బు చేసిన పసిబిడ్డలకు ప్రభుత్వ ఆసుపత్రులలో వైద్యం, ప్రయాణం ఉచితం. వీలైతే కాన్పుకు ముందే, బిడ్డ తల్లి కడుపులో ఉండగానే పంపాలి. బిడ్డకు అంతకంటే మంచి అంబులెన్స్ లేదు.

“యంత్రం మీద పేరు రాయించుకోవచ్చు. శిక్షణ మీద ఎలా రాస్తారు?” ఈ ప్రశ్న ఎవరూ బయటికి అడగలేదు. మనసులో ఉంటుందని మాకు తెలుసు. తాతగారి జ్ఞాపకార్థం ఇచ్చిన వార్మర్ మీద ఇత్తడి పలక చూసుకుంటే ఇంటిల్లిపాదికీ తృప్తి. అందులో తప్పు లేదు. అయితే ఆ యంత్రాన్ని సరిగా వాడేవారు, బాగుచేసేవారు లేనప్పుడు దాని మీద తెల్లదుప్పటి కప్పి మూలన పెడతారు. అటువంటి మూల చాలా ఆసుపత్రులలో ఉంది. నిర్గమకాండంలో హెబ్రీ మంత్రసానులు షిఫ్రా, పూయాల సంగతి మనకు తెలుసు. ఫరో ఆజ్ఞను కాదని మగబిడ్డలను బ్రతికించారు. బైబిలు ఆ ఫరో పేరు రాయలేదు. పని తెలిసి, దేవునికి భయపడిన ఆ ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రం రాసింది. పలక మీద మన పేరు లేకపోయినా దేవుని లెక్కలో తప్పిపోదు.

“అయితే యంత్రాలు వద్దంటారా?” అలా అనడం లేదు. వార్మర్, సీపాప్, ఆక్సిజన్ కొలిచే పరికరం, కామెర్లకు నీలికాంతి దీపాలు లేకుండా ఈ వార్డు నడవదు. ఉన్నవి పూర్తిగా వాడగలిగిన తరువాత, శిక్షణ పొంది వచ్చినవారు ఏది కావాలో చెప్పాక కొందాం. సీపాప్ గొట్టం సరిగా అమర్చకపోతే బిడ్డ ముక్కు ఒరుసుకుపోతుంది. వెంటిలేటర్‌ను తెలియక తిప్పితే లేత ఊపిరితిత్తులు చెడిపోతాయి. మొదట చేయి, తరువాత యంత్రం. ఈ వరుస తప్పకూడదని మా మనవి.

తల్లి గుండెకు ఎవరు శిక్షణ ఇస్తారు?

శిక్షణ పొందిన వార్డును గుర్తుపట్టడానికి ఒక సులువైన గుర్తు ఉంది. అక్కడ తల్లిని బయట కూర్చోబెట్టరు. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే నెలలు నిండని బిడ్డలను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనించి కట్టమన్నాడు. కంగారూ తల్లి సంరక్షణ అలా పుట్టింది. మొదట దీనిని బీదవారి వైద్యం అనుకున్నారు. మన దేశంతో కలిపి అయిదు దేశాల ఆసుపత్రులలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన పరిశీలన 2021లో వెలువడింది. బిడ్డ స్థిరపడేవరకు ఆగకుండా పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే, చిన్న బరువు పిల్లల మరణాలు పావు వంతు తగ్గాయని అందులో తేలింది. ఆ ఆసుపత్రులలో ఆక్సిజన్, సీపాప్ కూడా వాడారు. తల్లి మంచం కూడా వార్డులోనే వేశారు. తేడా అంతే.

తల్లిని లోపల ఉంచితే ఇన్ఫెక్షన్ వస్తుందని భయపడే చోట ఈ పని జరగదు. ఎలా ఉంచాలో చూసి వచ్చినవారు ఉన్నచోట జరుగుతుంది. మన డాక్టరు గారు, నర్సులు ఏడాది చివర తిరిగి వచ్చేటప్పుడు మోసుకు వచ్చేది ఈ ధైర్యమే.

తల్లిదండ్రులుగా మీరు కూడా కాన్పుకు ముందే ఏ ఆసుపత్రిలోనైనా కొన్ని సంగతులు అడగండి, మా దగ్గర కూడా అడగండి. కాన్పు సమయంలో బిడ్డకు ఊపిరి అందించడం నేర్చినవారు గదిలో ఉంటారా? రాత్రిపూట కూడా ఉంటారా? బిడ్డ చిన్నగా పుడితే తల్లిని దగ్గర ఉండనిస్తారా? తల్లి పాలు పిండి ఇవ్వడానికి సాయపడతారా? కళ్ళు, చెవుల పరీక్షకు తేదీ రాసి ఇస్తారా? ఇలా అడిగితే డాక్టరు గారికి కోపం వస్తుందని సందేహపడకండి. శిక్షణ పొందినవారికి ఇలాంటి ప్రశ్నలు సంతోషమే కలిగిస్తాయి.

చివరిగా, కానుక కవరు మీద “పసిపిల్లల వార్డు - శిక్షణ” అని రాయండి. పెద్ద మొత్తం ఇవ్వలేనివారు వంద రూపాయలు ఇచ్చినా అది ఒక నర్సు బస్సు చార్జీకి, పుస్తకాలకు వెళ్తుంది. శిక్షణకు వెళ్ళేవారి ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ కుటుంబాన్ని ఆదివారం భోజనానికి పిలవండి. భర్త దూరంగా ఉన్న ఇల్లాలికి, భార్య దూరంగా ఉన్న ఇంటాయనకు ఆ తోడు డబ్బుకంటే ఎక్కువ. మీ కుటుంబ ప్రార్థనలో వారి పేర్లు తలచుకోండి. వారు వెళ్ళిన ఏడాది వార్డులో కొంచెం ఆలస్యమైనా ఓర్చుకోండి. అదీ మీరిచ్చిన కానుకలో భాగంగానే మేము లెక్కిస్తాం.

పసిపిల్లల వార్డు సేవకులు